అనంతపురము: మబ్బులు దాటిపోవు సీమ

జూలై మాసమున అనంతపురము వెళ్లిన వారికి ఒక వింత కనబడును. ఆకాశము నిండ మబ్బులుండును. అవి తక్కువ ఎత్తున పడమటినుండి తూర్పునకు పరుగులు తీయుచుండును. గాలి పగలనక రాత్రియనక హోరుమని వీచుచుండును. కొత్తగా వచ్చినవాడు గొడుగు వెదకికొనును. ఊరి రైతు మాత్రము తలయెత్తి చూడడు. ఆ మబ్బులు తన పొలమున దిగవని అతనికి తెలియును.

ఇన్ని మబ్బులుండియు వాన పడకుండుటకు కారణమేమి?

1882లో బళ్లారినుండి వేరుపడిన అనంతపురము జిల్లా 2022లో అనంతపురము, శ్రీసత్యసాయి జిల్లాలుగా విభజింపబడినది. ఈ పాత జిల్లా మొత్తమునకు ఏడాది సగటు వర్షపాతము సుమారు 552 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 22 అంగుళములు. హైదరాబాదు సగటు 800 మి.మీ.కు చేరువగా ఉన్నది. దేశమున జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన పడునది అనంతపురమేనని తఱచుగ చెప్పుచుందురు. అది సరికాదు. రాజస్థానమందలి బికనీరు, బాడ్మేరు జిల్లాలలోను, లడఖ్‌లోని లేహ్‌లోను ఇంతకంటె చాల తక్కువ పడును. దక్షిణ భారతమున మిక్కిలి తక్కువ వాన గల ప్రాంతములలో ఇది యొకటి అనినచో తప్పుండదు.

ఇక పటము తెరచి చూడుడు. అనంతపురము తూర్పు తీరమునకు సుమారు 270 కిలోమీటర్లు, పశ్చిమ తీరమునకు సుమారు 340 కిలోమీటర్ల దూరమున ఉన్నది. జూన్‌లో అరేబియా సముద్రమునుండి వచ్చు నైరుతి గాలికి మొదట అడ్డు తగులునవి పడమటి కనుమలు. గాలి కొండ నెక్కును, ఎక్కినకొలది చల్లబడును, చల్లబడిన గాలి తనలోని ఆవిరిని పట్టి ఉంచలేక వానగా వదలివేయును. కనుమల మీది అగుంబేలో ఏటా 7,000 మి.మీ.కు పైగా కురియును. అచ్చటినుండి అనంతపురము దాదాపు 300 కిలోమీటర్లే!

కనుమలు దాటిన గాలికి మరియొక మార్పు కలుగును. ఒక స్థూలమైన లెక్క వేసికొందము. తీరమున గాలి 27 డిగ్రీల సెంటిగ్రేడున ఉన్నదనుకొనుడు. కొండ ఎక్కునపుడు అందలి ఆవిరి నీరుగా మారుచు వేడిని విడుచును. అందుచేత గాలి మెల్లగా, కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీల చొప్పున మాత్రమే చల్లబడి, కిలోమీటరు ఎత్తున 21 డిగ్రీలకు వచ్చును. దిగునపుడు వదలివేసిన నీరు లేదు. కాబట్టి కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున వేడెక్కును. అనంతపురము ఎత్తు సుమారు 350 మీటర్లు. అచ్చటికి 650 మీటర్లు దిగుసరికి గాలి 27.5 డిగ్రీలకు చేరును. తీరముకంటె ఎత్తున ఉండియు గాలి చల్లగా లేదు. పైగా తేమ పోయి పొడిగా ఉన్నది. ఇట్టి చోటునే వర్షచ్ఛాయా ప్రాంతమందురు. మన రైతు చూచిన మబ్బులు ఆ గాలిలో మిగిలిన కొద్దిపాటి తేమవే. అవి పలుచనివి. క్రిందనున్న పొడిగాలి వానిని మఱింత కరగించివేయును.

జూన్‌లో సగటున 64 మి.మీ., జూలైలో 67 మి.మీ. వాన మాత్రమే పడుటకు ఇదియే కారణము. ఆగస్టులో 89 మి.మీ. పడును. సెప్టెంబరు రాగానే కథ మారును. పడమటి గాలి జోరు తగ్గును. బంగాళాఖాతమునుండి తేమ లోపలికి చొరబడును. పగటి యెండకు వేడెక్కిన నేలమీద సాయంకాలము ఉరుముల మబ్బులు నిలువుగా పెరిగి కురియును. ఆ నెల సగటు 118 మి.మీ., అక్టోబరు సగటు దాదాపు 111 మి.మీ. పుబ్బ, ఉత్తర, హస్త కార్తెల కొఱకు ఇచ్చటి రైతు కాచుకొని యుండుటలో ఎంత వాతావరణ శాస్త్రమున్నదో విద్యార్థులు గ్రహింపగలరు. తరువాత వచ్చు ఈశాన్య ఋతుపవనములు నెల్లూరు తీరమున ధారాళముగా కురిసి, వెలికొండ, పాలకొండ శ్రేణులు దాటుసరికి నీరసించును. రెండు ఋతుపవనములు ఉన్నను ఈ సీమకు రెంటి కొసలే దక్కుచున్నవి.

అనంతపురము ఎండకు మొదటిదనుకొనుట మరియొక పొరపాటు. మే మాసమున ఇచ్చట పగటి వేడి సామాన్యముగా 40 డిగ్రీల దరిదాపున ఉండును. పల్నాటిలోని రెంటచింతలలో ఎండ ఇంతకంటె ఎక్కువ. ఈ సీమ కష్టము ఎండకంటె ఆవిరిలో ఉన్నది. నీరు కొఱవడకున్నచో నేలనుండి, పైరునుండి ఏటా ఎంత ఆవిరి కాగలదో లెక్కించినపుడు, అది కురియు వానకు మూడు రెట్లు దాటును. గాలియే ఇందుకు ముఖ్య సాధనము. రామగిరి కొండలపై 1990 దశాబ్దమున గాలిమరలు నిలిపినది ఈ గాలిని నమ్ముకొనియే. బొమ్మనహాళ్ మండలమున హగరి నది ఇసుకను పొలాలమీదికి ఎత్తిపోసి దిబ్బలు పెట్టుచున్నదియు ఈ గాలియే.

పైగా నేలలో ఎక్కువ భాగము ఎఱ్ఱ నేల. లోతు తక్కువ, గులకఱాళ్లు ఎక్కువ. పడిన పదును కొద్ది దినములలోనే ఆరిపోవును. ఇట్టి నేలలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుసెనగ వేసిరి. వేరుసెనగ పూత మీదనుండి ఊడలు దిగి, మట్టిలో దూరి, కాయ కట్టును. జూలైలో విత్తిన చేనికి ఊడలు దిగునది ఆగస్టు నడుమనుండి. అపుడు మూడు వారములు చినుకు లేకున్నచో మట్టి గట్టిపడి ఊడ లోపలికి పోజాలదు. పంట పోయిన తరువాత సెప్టెంబరున కుండపోతగా కురిసి ఏడాది లెక్క 552 మి.మీ.కు సరిపోవచ్చును. కాగితముమీద అది మంచి సంవత్సరమే. రైతు ఇంట అప్పు మిగులును.

కావున పాఠశాలలో వర్షమాపకము ఉంచువారు నెలసరి మొత్తముతో ఊరకుండరాదు. అంచులు నిలువుగానున్న డబ్బా ఒకటి బయలున, చెట్టు చూరు తగులని చోట ఉంచిన చాలును. ప్రతి ఉదయము 8.30 గంటలకు స్కేలుతో లోపలి నీటి ఎత్తు కొలిచి, నీరు పారబోసి, వ్రాసికొనవలెను. ఒక మి.మీ. వాన అనగా ఎకరమునకు సుమారు 4,000 లీటర్ల నీరు. జూన్‌నుండి అక్టోబరు వరకు వ్రాసిన పట్టికలో 2.5 మి.మీ.కు తక్కువ పడిన దినములను ఎఱ్ఱ సిరాతో గుర్తింపుడు. ఎఱ్ఱ గుర్తులు ఎడతెగక ఎన్ని దినములు సాగినవో లెక్కించి, ఆ దినములలో ఊరి చేలు ఏ దశలో ఉన్నవో ప్రక్కన వ్రాయుడు.