పక్క సీటు సంతకం, పక్క చేను సంతకం

కోర్టు వాయిదాకో, ఆఫీసు పనికో హైదరాబాద్ వెళ్లి మీరెప్పుడో ఒకప్పుడు నాంపల్లి స్టేషన్లో దిగే ఉంటారు. అక్కడి నుంచి అబిడ్స్ జీపీవో దాకా ఆఫీసులే ఆఫీసులు. మనకు కనిపించేది బల్ల, దాని మీద ఫైలు. బల్లల మధ్య నడిచే ఇచ్చిపుచ్చుకోలు మన కంట పడదు.

ఒక అటెండరు కూతురి పెళ్లి పెట్టుకున్నాడనుకోండి. భూమి కాగితం లేదు, బంగారం లేదు. అయినా అప్పు పుడుతుంది. ఎలాగంటారా? ఉద్యోగుల పరపతి సంఘంలో అతను వాటాదారు. నెలనెలా జీతంలోంచి కొంత పొదుపు కింద పోతుంది. అప్పు దరఖాస్తు మీద పక్క సీట్ల వాళ్లు, మామూలుగా ఇద్దరు, జామీను సంతకం పెడతారు. అతను ఎగ్గొడితే వాళ్ల జీతంలో కోత. అందుకే ఆ సంతకం ఊరికే పడదు. వీడు తాగుతాడా, పాత బాకీ తీర్చాడా, నిజంగా పెళ్లేనా? ఇదంతా పక్కన కూర్చునేవాడికే తెలుసు. బ్యాంకు మేనేజరుకు తెలియంది అదే. మనకైతే ఊళ్లో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ.

ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరు ఆ పని చూడటం, కార్యం నాడు తలా కొంత వేసుకోవడం సరేసరి. నాంపల్లిలోనే టీఎన్జీవోల భవనం ఉంది. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నిలిచిందంటే ఒక్కడి వల్ల అయ్యే పనా?

తమాషా ఏమిటంటే, ఈ జామీను పద్ధతి రైతులకు కొత్తది కాదు. జర్మనీలో రైఫైజన్ అనే ఆయన 1864లో పల్లె రైతులతో సంఘం పెట్టించాడు. ఒకరి బాకీకి అందరూ పూచీ. మన దేశంలో 1904 సహకార పరపతి చట్టం కూడా ముఖ్యంగా రైతు కోసమే వచ్చింది. అచ్చొచ్చింది మాత్రం ఉద్యోగికి. కారణం తెలివి కాదు, నెల జీతం. మనమంతా ఒకే వానను నమ్ముకున్నవాళ్లం. ఎండితే బాకీదారు చేనూ, జామీనుదారు చేనూ ఒకేసారి ఎండుతాయి. ఈ సంగతి దాచి "మీరూ ఉద్యోగుల్లా ఉండండి" అనడం నాకు నచ్చదు.

అయినా దారి ఉంది. కౌలుదార్లు, సన్నకారు రైతులు 4 నుంచి 10 మంది కలిసి జేఎల్‌జీ, అంటే ఉమ్మడి పూచీ బృందం పెట్టుకోవచ్చు. నాబార్డు చెప్పిన పద్ధతి ఇది. భూమి తాకట్టు ఉండదు, ఒకరికొకరు పూచీ. ఒకే ఊరివాళ్లు, ఎరిగినవాళ్లు కావాలి. ఒక ఇంటి నుంచి ఒక్కరే. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి చేర్చుకోవద్దు, బావమరిదైనా సరే. ఇంకాస్త పెద్దగా కావాలంటే 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. దాని కింద పెట్టుకున్న సంఘంలో సర్కారు వాటా ఉండదు, పెత్తనమూ తక్కువే.

మరి ఎండిన ఏడాది మాటేమిటి? అందరూ ఒకే పంట వేసేవాళ్లు కాకుండా చూసుకోండి. ఒకరిద్దరు బోరు కింద కూరగాయల వాళ్లు, ఒకరిద్దరు పాడి ఉన్నవాళ్లు కలిస్తే మేలు. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంటే, నెల జీతానికి మన దగ్గర దగ్గరి చుట్టం అదే. జామీను సంతకం పెట్టే ముందు ఆ పాల పుస్తకం ఒకసారి అడిగి చూడండి.