పెద్ద పిస్తోలుకు హోల్‌స్టర్: లైసెన్సు ఉన్న మనవాళ్లు చూసుకోవలసినవి

మన ఊళ్లలో లైసెన్సు తుపాకీ ఉన్న తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. సైన్యంలోనో పోలీసులోనో చేసి రిటైరైనవారు, నగల వ్యాపారులు, రైసు మిల్లులవారు, ఊరికి దూరంగా తోటల్లో కాపురం ఉండేవారు, రైఫిల్ క్లబ్బుకు వెళ్లే కుర్రవాళ్లు కొందరు. లైసెన్సు రెన్యువల్ గురించి, ఫారాలు నింపడం గురించి మా దగ్గరకు వచ్చి అడుగుతారు. ఆ తుపాకీని ఒంటి మీద ఎలా పెట్టుకోవాలన్నది మాత్రం ఎవరూ అడగరు. దుకాణంలో పిస్తోలుతోపాటు చేతికిచ్చిన తొడుగే వాడుకుంటూ ఉంటారు, కొందరైతే అదీ లేకుండా నడుములో దోపుకుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పెద్ద పిస్తోలు అంటే ఎంత పెద్దదో ముందు అనుకుందాం. మన మాజీ సైనికులకు బాగా తెలిసిన 9 ఎం.ఎం. పిస్టల్ 1ఎ, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది, ఈ కోవలోదే. పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు, ఖాళీగానే బరువు కిలోకు దగ్గర, మేగజైన్‌లో 13 తూటాలు. 9 ఎం.ఎం. నిషేధిత బోరు కాబట్టి మామూలు లైసెన్సు మీద దొరకదు. మనవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది .32 బోరు. అందులో చిన్నవీ ఉన్నాయి, అరచేతికి మించి బయటికి వచ్చేవీ ఉన్నాయి. బ్యారెల్ నాలుగు అంగుళాలకు అటూ ఇటూగా ఉండి, నిండా తూటాలు పెడితే ముప్పావు కిలో దాటే ఆయుధం ఏదైనా ఇక్కడ చెప్పేది దానికి వర్తిస్తుంది. జేబులో పట్టేది కాదు, పెట్టకూడదు కూడా.

హోల్‌స్టర్ అనేది సౌకర్యం కోసం మాత్రమే కొనే వస్తువు అనుకుంటాం. 2016 ఆయుధాల నియమాలు చూస్తే అది చట్టం అడిగే వస్తువు. బహిరంగ ప్రదేశంలో పిస్తోలు తీసుకువెళ్లాలంటే అది ఒంటికి తగిలించిన హోల్‌స్టర్‌లోనైనా ఉండాలి, వీపు సంచి వంటి తగిన తొడుగులోనైనా ఉండాలి. పూర్తిగా కప్పి ఉండాలి. మోసేవారి అదుపులో ఉండాలి. అంటే చొక్కా పైకి లేచి పిడి నలుగురికీ కనబడేలా తిరగడం దర్జా కాదు, నియమం తప్పడం.

లైసెన్సు షరతులు కూడా ఒకసారి తీసి చదువుకోండి. అధికారి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, సభలూ సమావేశాలకు, విద్యాసంస్థల ఆవరణలోకి ఆయుధం తీసుకువెళ్లకూడదు. మనవడిని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లేటప్పుడు నడుముకు పిస్తోలు ఉంటే గేటు దాటగానే షరతు తప్పినట్టే. మన ఉగాది సభలు చాలాచోట్ల పాఠశాల హాళ్లలోనే జరుగుతాయి, కాబట్టి అక్కడ రెండు షరతులూ ఒకేసారి తప్పినట్టవుతుంది. పెళ్లిళ్లలో గాలిలోకి కాల్చడం సంగతి వేరే చెప్పాలా? 2019 సవరణ తర్వాత ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా సంబరానికి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మనలాంటి సరిహద్దు కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. యానాం నుంచి కాకినాడకు సరుకు కోసం బయలుదేరినవారు ఊరు దాటగానే ఆంధ్రప్రదేశ్‌లో ఉంటారు. హోసూరు నుంచి బెంగళూరుకు, బళ్లారి నుంచి గుంతకల్లుకు, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి పోయిరావడం మనకు పక్క వీధికి వెళ్లినంత మామూలు. రాష్ట్రం వరకే చెల్లే లైసెన్సుతో ఆ పక్క వీధికి పిస్తోలు పట్టుకెళ్లడం నేరం. ఎంత మంచి హోల్‌స్టర్ ఉన్నా ఆ గడిలో రాసిన మాట మారదు. కొనేముందే ఆ గడి చూసుకోవాలి.

ఇక వస్తువు సంగతి. మంచి హోల్‌స్టర్ చేయవలసిన పనుల్లో మొదటిది, అన్నిటికన్నా పెద్దది, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పడం. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ మొత్తం గట్టి తోలు లోపలో, గట్టి ప్లాస్టిక్ లోపలో ఉండాలి. బయటి నుంచి వేలితో నొక్కి చూడండి. ట్రిగ్గర్ తగిలితే ఆ తొడుగు వద్దు. పలుచని నైలాను తొడుగుల్లో చాలావాటికి ఈ లోపం ఉంది. రెండోది పట్టు. ఖాళీ పిస్తోలు పెట్టి తలకిందులు చేసి కాస్త ఊపినా జారి పడకూడదు. పిడి వెనక నుంచి వచ్చి బొటనవేలితో విప్పే పట్టీ ఉంటే ఇంకా మంచిది, ముఖ్యంగా స్కూటరు నడిపేవారికి. మూడోది, పిస్తోలు తీశాక హోల్‌స్టర్ నోరు మూసుకుపోకూడదు. నోరు ముడుచుకుపోయే మెత్తని తొడుగులో తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో దాన్ని తెరిచి పట్టుకోవాలి. అప్పుడు బ్యారెల్ మన వేళ్ల మీదికే చూస్తుంది.

ప్రమాదాలు తీసేటప్పుడే జరుగుతాయని చాలామంది అనుకుంటారు. తిరిగి పెట్టేటప్పుడు అంతకన్నా తక్కువేమీ జరగవు. చొక్కా అంచు, బొందు, మెత్తబడి లోపలికి మడతపడ్డ తోలు అంచు, వీటిలో ఏదో ఒకటి ట్రిగ్గర్‌కు అడ్డంపడుతుంది, మనిషి పైనుంచి నొక్కుతాడు. అందుకని పెట్టేటప్పుడు చూస్తూ, నిదానంగా, చొక్కాను ఎడమచేత్తో పక్కకు లాగిపట్టి పెట్టాలి. కొత్త తొడుగు తెచ్చినప్పుడు మేగజైన్ తీసేసి, ఛాంబర్ కంటితో చూసి వేలితో తడిమి ఖాళీ అని రూఢి చేసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి నాలుగైదు రోజులు అలవాటు చేసుకోండి. పిల్లల ముందు మాత్రం వద్దు.

బరువును మోసేది హోల్‌స్టర్ కాదు, బెల్టు. సామ్ బ్రౌన్ బెల్టు పేరు పోలీసులో చేసినవారందరికీ తెలుసు. 1858లో యుద్ధంలో ఎడమచేయి పోగొట్టుకున్న ఒక ఆంగ్ల సైనికాధికారి పేరు అది. నడుముకు వెడల్పాటి బెల్టు, భుజం మీదుగా ఒక పట్టీ, బరువంతా ఒక్క తుంటి మీద పడకుండా. యూనిఫారంలో ఆ బెల్టుకు మూత ఉన్న తోలు హోల్‌స్టర్ తగిలించి ఏళ్ల తరబడి తిరిగిన మనవాళ్లు, ఇంట్లో ఉద్యోగపు దుస్తులు లేని రోజున అదే తొడుగును మామూలు ప్యాంటు బెల్టుకు వేలాడదీస్తారు. బెల్టు మెలిపడుతుంది, పిడి బయటికి వాలుతుంది, ప్యాంటు జారుతుంది. సుమారు అంగుళంన్నర వెడల్పు, రెండు పొరలు కుట్టిన గట్టి బెల్టు, దానికి సరిగ్గా పట్టే సందులున్న హోల్‌స్టర్, ఈ రెండూ జతగా కొనాలి. మూత ఉన్న పాత రకం నెమ్మదైనా వానకూ దుమ్ముకూ మంచిదే. కాకపోతే చొక్కా కింద దాగదు.

మరి పంచె కట్టేవారి మాటేమిటి? నిజానికి పంచె మీద, లుంగీ మీద పెద్ద పిస్తోలు మోయడానికి సరైన పద్ధతి లేదు. పంచె మీద బిగించే డబ్బుల అర ఉన్న బెల్టు డబ్బుకే. అందులో పిస్తోలు పెడితే ట్రిగ్గర్ కప్పేది ఏమీ ఉండదు. మొలతాడుకు దోపుకోవడం గురించి చెప్పనక్కరలేదు. పంచె కట్టిన రోజున ఆయుధం ఇంట్లో తాళం వేసి ఉండాలి, అంతే.

ప్యాంటు వేసుకునేవారికి పెద్ద పిస్తోలుకు అన్నిటికన్నా నప్పేది కుడి తుంటి మీద, పక్క కుట్టుకు కొంచెం వెనకగా, ఒంటికి దగ్గరగా ఉండే హోల్‌స్టర్. పైన టక్ చేయని వదులు చొక్కా లేదా సఫారీ కోటు. వంగినప్పుడు కూడా కప్పి ఉండాలి కాబట్టి చొక్కా ఒక సైజు పెద్దది కావాలి. ప్యాంటు లోపలివైపు పెట్టుకునే రకం బాగా దాగుతుంది గాని, దానికి ప్యాంటు నడుము రెండంగుళాలు వదులుండాలి, ఎండాకాలం చెమటకు ఒరుసుకుంటుంది. పొట్ట ముందు పెట్టుకోవడం ఈమధ్య కుర్రవాళ్లలో కనిపిస్తోంది. బ్యారెల్ ఎక్కడికి చూస్తోందో ఒక్కసారి ఆలోచిస్తే మా వయసువాళ్లం ఎందుకు వద్దంటున్నామో తెలుస్తుంది, కాస్త పొట్ట ఉన్నవారికి కూర్చోవడమే కష్టం. వెన్నెముక మీద పెట్టుకుంటే వెనక్కి పడ్డప్పుడు ఎముకకే దెబ్బ. చంక కింద వేలాడే రకం ఎక్కువసేపు కారులో ఉండేవారికి సుఖమే, కానీ పైన కోటు తప్పదు. పైగా అడ్డంగా ఉండే రకంలో బ్యారెల్ ఎప్పుడూ వెనకనున్న మనిషి వైపే ఉంటుంది. గురిపోటీలకు వెళ్లేవారికి హోల్‌స్టర్ అవసరమే లేదు. తాళం వేసే పెట్టె, తూటాలు వేరుగా.

మన .32 పిస్తోళ్లలో పాత నమూనావి చాలా ఉన్నాయి. కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు వాటిలో చాలావాటికి లేదు. అలాంటివాటిని ఛాంబర్‌లో తూటా లేకుండానే మోయాలి. చేయి జారితే పట్టుకోబోకండి, వేలు నేరుగా ట్రిగ్గర్ మీద పడుతుంది. పడనివ్వండి. మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు పిస్తోలు ఒక్కటే తీసి గట్టు మీద పెట్టకుండా, హోల్‌స్టర్‌తో సహా విప్పి కళ్లెదుట ఉంచుకోండి. మరిచిపోయి వచ్చేవారు ఉంటారు మరి.

కొలతకు కుట్టించాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. తోలు పనివాడు ఎంత నమ్మకస్తుడైనా పిస్తోలు అతని దగ్గర వదిలి రాకూడదు. లైసెన్సు లేని చేతికి ఆయుధం ఇవ్వడం మీ మీదికే వస్తుంది. కాగితం మీద గీసిన ఆకారం, మందం కొలతలు, వీలైతే అదే సైజులో చెక్కిన చెక్క నమూనా ఇవ్వండి. "ఏ పిస్తోలుకైనా పడుతుంది" అని అమ్మేది ఏ పిస్తోలుకూ సరిగ్గా పట్టదు.

తోలు అందంగానే ఉంటుంది, కానీ యానాం, బరంపురం వంటి సముద్రపు గాలి ఉన్నచోట చెమటను పీల్చుకుని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. మోసేటప్పుడు తోలు ఫర్వాలేదు. ఇంటికి రాగానే పిస్తోలు అందులోంచి తీసి, తుడిచి, పలుచగా నూనె రాసి, తాళం ఉన్న ఇనుప పెట్టెలో పెట్టాలి. తూటాలను కూడా తోలు సంచుల్లో నెలల తరబడి ఉంచితే ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. అచ్చు పోసిన గట్టి ప్లాస్టిక్ రకానికి ఈ బాధ లేదు, నీళ్లతో కడిగి ఆరబెట్టుకోవచ్చు. దాని మరలు మాత్రం నెలకోసారి బిగించి చూసుకోవాలి. తోలు తొడుగు నోరు మెత్తబడి లోపలికి వాలడం మొదలుపెట్టిందంటే, కుట్లు ఎంత బాగున్నా దాన్ని ఇక వాడకండి.