మరియొకరి కన్నులు: మొబైల్ యాప్ చుట్టు సమాజము నిలుచు విధము

తలనొప్పికి వాడు మాత్రలును, రక్తపుపోటుకు వాడు మాత్రలును ఒకే బల్లపై ఉన్నవి. రెండు అట్టలును చేతికి ఒకే విధముగా తగులుచున్నవి. ఇంట మరియొకరు లేరు. చూపు ఉన్నవారికి ఇది క్షణములో తేలిపోవు విషయము. చూపు లేనివారికి మాత్రము, పొరుగింటి తలుపు తట్టవలెనా, లేక ఆ పూటకు మందు మానివేయవలెనా అన్నది పెద్ద ప్రశ్న. పొరుగువారు మంచివారే కావచ్చును. కాని ప్రతిదినము, ప్రతి చిన్న పనికిని ఒకరిని అర్థించుట ఎవరికిని రుచించునది కాదు. మందు వేళ తప్పుటకును, ఒక్కొక్కప్పుడు ఒక మందుకు బదులు మరియొకటి మ్రింగుటకును ఈ మొగమాటమే కారణమగుచుండును.

ఈ చిక్కును తీర్చుటకై ఏర్పడిన ఒక మొబైల్ యాప్‌ను గూర్చి ఇచ్చట తెలిసికొందము. దాని పేరు ‘బీ మై ఐస్’. అనగా ‘నాకు కన్నులు కమ్ము’ అని అర్థము. యాప్‌ను నిర్మించుట కొలదిమంది నిపుణుల పని. దాని చుట్టు లక్షలమందిని చేర్చి, ఒకరినొకరు ఎరుగని ఆ మనుష్యులను నమ్మకముతో నిలుపుట వేరొక పని. ఆ రెండవ పని ఎట్లు జరిగినదో తెలిసినచో, సేవకై ఇట్టి సమూహములను నడుపువారికెల్లరకును ఉపయోగపడును.

ఆలోచన పుట్టిన విధము

హాన్స్ యోర్గెన్ వీబెర్గ్ అనునాయన డెన్మార్కు దేశస్థుడు. కుర్చీలు, సోఫాలు మొదలగువానిని తయారుచేయు వృత్తి ఆయనది. ఆయనకును చూపు మందగించినది. అంధులు కొందరు తమ బంధుమిత్రులకు వీడియో కాల్ చేసి, వస్తువులను ఫోనులో చూపి, అవి ఏమో అడిగి తెలిసికొనుచున్నారని ఆయన గ్రహించెను. ఉపాయము మంచిదే. కాని ఎన్నిమారులు అడిగిన వారినే అడుగుట? అడుగువారికి సంకోచము, అవతలివారికి పని వేళలో అంతరాయము. చూపు ఉండి, క్షణకాలము తీరిక ఉండి, సాయపడ మనసున్న అపరిచితులు లోకమున అసంఖ్యాకముగా ఉన్నారు గదా, వారిని ఒక్కచో చేర్పరాదా అని ఆయనకు తోచినది. 2012లో ఆర్హుస్ నగరమున జరిగిన ఒక ఔత్సాహికుల సమావేశమున ఆయన ఈ ఆలోచనను వెల్లడించెను. 2015 జనవరి 15న యాప్ ఐఫోనులపై వెలువడినది. 2017లో ఆండ్రాయిడ్ ఫోనులకును లభించినది.

ఇది పనిచేయు తీరు సులభము. అంధుడు ఫోనులో సాయము కోరినంతనే, అతని భాష మాటలాడువారును, ఆ సమయమున మేలుకొని యుండదగినవారును అగు పలువురు సేవకుల ఫోనులు మ్రోగును. అందరికంటె ముందు ఎవరు ఎత్తిన వారితో మాట కలియును. అంధుని ఫోను ముందున్న దృశ్యము సేవకునికి కనబడును. ‘కొంచెము ఎడమకు త్రిప్పుడు, ఇప్పుడు గడువు తేది చదువుచున్నాను’ అని అతడు చెప్పును. పని ముగిసినది. ఇందు ఎవరును ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు.

సేవకులు ఎక్కువ, పిలుపులు తక్కువ

ఇట్టి సంస్థలకు సేవకులు దొరకుటయే కష్టమని సామాన్యముగా తలంతుము. ఇక్కడ జరిగినది దానికి విపరీతము. మొదటి దినముననే పదివేలకు పైగా జనులు చేరిరి. ఇటీవలి సంవత్సరములలో సేవకుల సంఖ్య 60 లక్షలను మించినది. అంధులును, మందదృష్టి కలవారును లక్షలలో చేరిరేగాని, ఒక్కొక్కరికి పదిమంది సేవకులకు తక్కువ లేరు. ఇది శుభమే అయినను, దీనియందే ఒక ప్రమాదము దాగియున్నది. ఉత్సాహముతో చేరినవాడు వారములు, నెలలు గడచినను ఒక్క పిలుపైనను రాకపోవుటచేత, ‘నా అవసరము ఎవరికిని లేదు’ అని యాప్‌ను తొలగించును. పిలుచువానికి చూపించు ఆ పెద్ద సంఖ్య అప్పుడు కాగితముపై సంఖ్యగానే మిగులును.

దీనికి మందు నిజము చెప్పుటయే. పిలుపు ఆలస్యముగా రావచ్చునని చేరునప్పుడే తెలుపవలెను. పిలుపు వచ్చినప్పుడు ఎత్తలేకపోయినచో అది దోషము కాదనియు, ఆ పిలుపును మరియొకరు అందుకొందురనియు చెప్పవలెను. ఒకేసారి పలువురి ఫోనులు మ్రోగుటలోని మేలు ఇదియే. ఏ ఒక్కనిపైనను భారము పడదు. అయినను పిలిచినవాడు ఒంటరివాడు కాడు. సాయము పొందినవారి అనుభవములను అందరకు పంచినయెడల, వేచియున్నవారికి ఓర్పు నిలుచును.

అంధుల పక్షమునను ఒక సంకోచమున్నది. ‘నాకంటె ఎక్కువ అవసరము గలవారు ఉందురు గదా’ అని పలువురు పిలువరు. సేవకులు వేచియున్నారనియు, పాలు విరిగినవో లేదో చూడుమని అడుగుటకైనను పిలువవచ్చుననియు వారికి పదేపదే చెప్పవలెను. చేరినవారి సంఖ్యనుబట్టి గాక, సంకోచింపక అడుగువారి సంఖ్యనుబట్టి ఇట్టి సమాజము బలమును కొలువవలెను.

నమ్మకమునకు కంచె

అపరిచితునికి మన ఇంటి లోపలి భాగమును చూపుట చిన్న విషయము కాదు. కావున ఈ యాప్‌లో కొన్ని కట్టుబాట్లు మొదటినుండియు ఉన్నవి. ఇరువురికిని ఒకరి ఫోను నెంబరు ఒకరికి తెలియదు. సేవకుడు చూచునుగాని అతని ముఖము అవతలివారికి పంపబడదు. ఏది చూపవలెనో, ఎప్పుడు ముగింపవలెనో నిర్ణయించునది సాయము కోరినవారే. ఎవరైన అమర్యాదగా ప్రవర్తించినచో ఫిర్యాదు చేయుటకు వీలున్నది.

తెల్లకర్రకుగాని, శిక్షణ పొందిన కుక్కకుగాని ఈ యాప్ బదులు కాజాలదు. వీధి దాటవచ్చునని ఫోనులో చెప్పుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. ఫోను చూపు కొలది మేరకంటె అవతల వచ్చు బండి సేవకునికి కనబడదు. ‘ఇంతవరకే మా సాయము’ అని స్పష్టముగా చెప్పు సమాజమునే జనులు ఎక్కువగా నమ్ముదురు.

సేవకుడు పాటింపవలసినవి

ఇట్టి యాప్‌లో చేరదలచినవారు ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను.

1. కనబడినదానినే చెప్పవలెను. అక్షరములు మసకగా ఉన్నచో ‘తెలియుట లేదు, వెలుతురులోనికి తెండు’ అనవలెను. ఊహించి చెప్పరాదు.

2. మందు పేరు, బలము, గడువు తేది అట్టపై ఉన్నది ఉన్నట్లు చదువవలెను. ఎన్ని మాత్రలు వేసికొనవలెనో చెప్పుట వైద్యుని పని, సేవకుని పని కాదు.

3. అడిగినదానికే సమాధానమీయవలెను. ఇల్లు చిందరవందరగా ఉన్నదని వ్యాఖ్యానింపరాదు. చూపు ఎట్లు పోయినదని ప్రశ్నింపరాదు.

4. బ్యాంకు కార్డు, రహస్య సంఖ్య వంటివి పొరబాటున కనబడినచో వెంటనే హెచ్చరింపవలెను.

5. పిలుపులో చూచినదానిని, వినినదానిని ఇతరులకు చెప్పరాదు.

యంత్రము చూడ నేర్చిన పిమ్మట

2023లో ఈ యాప్‌లో మరియొక మార్పు వచ్చినది. చిత్రమును చూచి వర్ణింపగల కృత్రిమ మేధ ఇందు చేర్చబడినది. ఇప్పుడు అంధుడు చిత్రము తీసి, మనుష్యుని పిలువకయే వివరము పొందవచ్చును. అర్ధరాత్రి ఎవరినైనను లేపుదునేమో అన్న జంకు లేదు. అయినను యంత్రము తప్పు చెప్పుటయు కలదు. తప్పును నిబ్బరముగా చెప్పుటయు కలదు. కావున మందుల విషయమున మనుష్యుని పిలిచి సరిచూచుకొనుట మంచిది. మనుష్య సేవకుని పిలుచు మార్గమును తీసివేయక, రెంటిలో దేనినైనను ఎన్నుకొను స్వేచ్ఛను నిర్వాహకులు వాడుకరికే విడిచిరి. క్రొత్తది వచ్చినప్పుడు పాతవారిని తోసివేయకుండుట సమాజమును నడుపువారు నేర్వవలసిన పాఠము.

మన ఊరి సమూహములకు

మన పట్టణములలోను, గ్రామములలోను యువకులు రక్తదాతల సమూహములను ఫోనులలో నడుపుచున్నారు. మన దేశమున డబ్బుకు రక్తమిచ్చు పద్ధతి 1998 జనవరి 1 నుండి నిలిపివేయబడినది. కావున స్వచ్ఛంద దాతలే రోగులకు ఆధారము. పై పాఠములు ఈ సమూహములకును సరిగా వర్తించును.

దాతల ఫోను నెంబర్లను అందరును చూచు విధముగా ప్రకటించినచో, దళారులు వారిని వేధింపవచ్చును. ఒకసారి వేధింపునకు గురియైన దాత మరల ముందుకు రాడు. అందుచేత పిలుపు నిర్వాహకుని ద్వారానే వెళ్లవలెను. పురుషుడు ఒకమారు రక్తమిచ్చిన పిమ్మట 3 నెలలును, స్త్రీ 4 నెలలును గడువక మరల ఈయరాదు. ఆ తేదీలను సమూహము గుర్తుంచుకొని, విశ్రాంతిలో ఉన్నవారిని పిలువక ఉండవలెను. ఒక రోగికై వచ్చిన విన్నపము తీరినంతనే ‘తీరినది’ అని తెలుపవలెను. లేనిచో అదే విన్నపము దినముల తరబడి చేతులు మారుచు తిరిగి, నిజమైన పిలుపునకు సైతము జనులు పలుకని స్థితి ఏర్పడును. రాలేనన్న దాతను నిందింపరాదు. ఇచ్చిన దాతకు, అతని రక్తము ఆస్పత్రికి చేరినదన్న ఒక్క మాటయైనను చెప్పవలెను.

యాప్‌లు మారును. ఫోనులు పాతబడును. ఒక్కసారి పిలిచి, మర్యాదగా సమాధానము పొందినవాడు మరల పిలుచును. పిలిచినప్పుడు అవమానము పొందినవాడు మరల పిలువడు. బల్లపై రెండు అట్టలు పెట్టుకొని కూర్చున్న ఆ మనుష్యుడు ఫోను తీయునా, తీయడా అన్నది, ఇంతకు ముందు మనము అతనికి ఎట్లు బదులు చెప్పితిమి అన్నదానిపై ఆధారపడి యున్నది. కావున, సాయపడదలచిన ప్రతివారును చేరుడు. చేరిన పిమ్మట ఓర్పుతో వేచియుండుడు. ఫోను మ్రోగినప్పుడు కనబడినది కనబడినట్లు చెప్పుడు.