మా పెరటి గుంటలో గాయకుడు

వానాకాలం వచ్చిందంటే మా పెరట్లో బావిగట్టు పక్కనున్న గుంటలో నీళ్ళు నిలుస్తాయి. తొలకరి పడిన రాత్రి అక్కడినుంచి గరగరమని ఒకటే రొద. దువ్వెన పళ్ళమీద గోటితో గీచినట్లున్నది.

"ఏ బోదురుకప్పో చేరినట్లుంది. రేపు ఆ గుంట పూడ్పించెయ్యండి. దోమలు కూడా ఎక్కువయ్యాయి" అన్నది మా ఆవిడ.

టార్చిలైటు తీసికొని వెళ్ళాను. బోదురుకప్పకోసం వెతికితే కనిపించినది అంగుళం పొడవుండే బుల్లికప్ప! గొంతు కింద బుడగ ఉబ్బించి ఆ రొదంతా అదే చేస్తున్నది. నున్నని చర్మం, కొనదేరిన మూతి, పొడుగాటి వెనుక కాళ్ళు. కళ్ళ మధ్య మొదలై నడుముదాకా విచ్చుకొనే ముదురు గోధుమరంగు ముగ్గు వీపునిండా పరచుకొన్నది. చీమలూ చెదలూ దీనికి ఆహారం. 1841లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు డ్యూమెరిల్, బిబ్రోన్ మలబారు తీరపు కప్పను పరిశీలించి, 'అలంకరించుకొన్నది' అనే అర్థంలో పేరు పెట్టారు. నేడు దాని శాస్త్రీయనామం మైక్రోహైలా ఆర్నాటా.

పాత గ్రంథాలు తిరగవేశాను. ఈ జాతి మన దేశంనుంచి చైనా, తైవాన్, జపాను దక్షిణ ద్వీపాలదాకా వ్యాపించి ఉన్నదని రాశారు. ఇంత రాజ్యమేలే కప్పకు మా గుంట ఒక లెక్కా? పూడ్పించవచ్చుననుకొన్నాను.

కాని తరువాతి పరిశోధనలు చదివితే ఆ ధీమా పోయింది. 2005లో శాస్త్రజ్ఞులు జన్యువులను పోల్చి చూశారు. పైకి ఒకే ముగ్గు. లోపల వేరు వేరు వంశాలు! తైవాన్, చైనాల కప్ప ఒక జాతి, జపాను ద్వీపాలది మరొకటి అని తేలింది. 2015లో బంగ్లాదేశ్ కప్ప నీల్ఫామారి జిల్లా పేరుతో ఇంకొక జాతి అయింది. అసలు ఆర్నాటా రాజ్యం అంతకంతకూ చిన్నదై, ముఖ్యంగా మన దక్షిణాదికీ సింహళానికీ దగ్గరపడింది.

ఇప్పటికీ ఇది అరుదైన కప్ప కాదు. అయినా మన గుంటలన్నీ పూడిపోతే తైవాన్ కప్ప వచ్చి ఈ కప్ప లోటు తీర్చదు గదా!

మా ఆవిడను గుంట దగ్గరకు తీసికొని వెళ్ళి చూపించాను. గాజుముక్కల్లాంటి తోకకప్పలు వందలకొద్దీ నీళ్ళలో తేలుతున్నాయి. వాటి కడుపులో పేగులు కూడా కనిపిస్తున్నాయి. ఆమె చాలాసేపు వంగి చూసింది.

గుంట పూడిక వాయిదా పడింది. అందరం దోమతెరలు కట్టుకొంటున్నాము. రోజూ కాఫీ ఇస్తూ మా ఆవిడ అడుగుతున్నది: "ఏమండీ, వాటికి కాళ్ళు వచ్చాయా?"