కొల్లేటి అడుగున నూజివీడు నేల

నూజివీడు మామిడి తోటల్లో తొలకరి గట్టిగా కురిస్తే చెట్ల మధ్య దున్నిన ఎర్రమట్టి నీటితో పాటు కదులుతుంది. తోట గట్టు దాటి, డొంక పక్కన కాలువలో పడి, వాగులో కలుస్తుంది. రామిలేరు, తమ్మిలేరు వంటి వాగులు ఆ ఎర్రనీటిని పల్లానికి మోసుకుపోతాయి. నీటి పరుగు ఎక్కడ నెమ్మదిస్తే మట్టి అక్కడ దిగుతుంది. ఈ మెట్ట ప్రాంతానికి ఆ చోటు కొల్లేరు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం. మైలవరం కొండల వైపు నుంచి బుడమేరు కూడా అందులోకే వస్తుంది. రెండు డెల్టాల కాలువలు, మురుగు కాలువలు ఎన్నో అక్కడే ముగుస్తాయి. మొత్తం 4,763 చదరపు కిలోమీటర్ల నేల మీద పడిన వాన ఈ సరస్సును వెతుక్కుంటూ వస్తుంది. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది వంకర్లు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే ఉప్పుటేరు. వచ్చే దారులు ఎక్కువ, పోయే దారి ఒకటి, వాలు అతి తక్కువ. అలాంటి చోట నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలోంచి మట్టి అడుగుకు చేరుతుంది.

అలా నీటి అడుగున పొరలుగా పేరుకున్న మట్టిని శాస్త్రవేత్తలు అవక్షేపం అంటారు. ఊళ్లలో దాన్నే ఒండ్రు అంటాం, ఎక్కువైతే పూడిక అంటాం. దాన్ని చదవడానికి మొదట ఒక్క సూత్రం తెలిస్తే చాలు: ఎవరూ కదిలించకపోతే కింది పొర పాతది, పై పొర కొత్తది. అందుకే నిలువుగా ఒక గొట్టం దించి మట్టిని చెదరకుండా పైకి తీస్తే, అది దిగిన క్రమంలోనే చేతికి వస్తుంది.

ఈ విద్య ఉత్తరాది చలిదేశాల్లో పెరిగింది. స్వీడన్, ఫిన్లాండ్, కెనడాల్లో మంచుయుగం ముగిసి హిమఫలకాలు వెనక్కి తగ్గాక లెక్కలేనన్ని సరస్సులు మిగిలాయి. మంచు కరిగే వేసవిలో ముతక మట్టి, నీరు గడ్డకట్టిన చలికాలంలో సన్నని మట్టి దిగడం వల్ల కొన్ని చోట్ల ఏడాదికి ఒక జత పొరలు స్పష్టంగా ఏర్పడ్డాయి. స్వీడన్ భూవిజ్ఞాని గెరార్డ్ డి యేర్ వాటిని లెక్కపెట్టి, గడిచిన 12,000 ఏళ్ల కాలక్రమాన్ని 1910లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ సభ ముందుంచాడు. 1916లో అదే దేశానికి చెందిన లెన్నార్ట్ ఫాన్ పోస్ట్, పొరల్లో చిక్కుకున్న పుప్పొడి రేణువులను లెక్కించి ఏ కాలంలో ఏ చెట్లు పెరిగాయో చెప్పవచ్చని నిరూపించాడు. పుప్పొడి పైపెంకు చాలా గట్టిది. గాలి తగలని బురదలో వేల ఏళ్లు చెడకుండా ఉంటుంది.

సరస్సు మట్టి ఒక పెద్ద తగాదాను తేల్చిన సందర్భమూ ఉంది. 1980లలో స్కాట్లాండ్ కొండ సరస్సుల్లో చేపలు ఎందుకు మాయమయ్యాయన్నది బ్రిటన్‌లో వివాదం. బొగ్గు పొగ వల్ల కురిసే ఆమ్ల వర్షమే కారణమని కొందరు, పరిసరాల్లో అడవులు పెంచడం, నేల వాడకం మారడమే కారణమని మరికొందరు వాదించారు. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన రిక్ బాటర్‌బీ బృందం ఆ సరస్సుల అడుగు మట్టిలో డయాటమ్‌లను పరిశీలించింది. డయాటమ్‌లంటే సిలికా పెంకులున్న ఏకకణ నాచు జీవులు. కొన్ని రకాలు ఆమ్ల నీటిలోనే బతుకుతాయి, కొన్ని అసలు బతకవు. ఆమ్ల నీటి రకాలు 19వ శతాబ్దం మధ్య నుంచే పెరిగినట్టు పొరలు చూపించాయి. అడవుల పెంపకం మొదలైంది ఆ తర్వాతే. ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు మట్టి ఇచ్చిన జవాబుకు ఎదురు చెప్పడం కష్టమైంది.

కొల్లేటికీ ఇప్పుడు అలాంటి జవాబే కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు దిగి వచ్చి కొల్లేటి లంక గ్రామాలను చుట్టుముట్టినప్పుడు, పాత వాదనలన్నీ మళ్లీ వినిపించాయి. చేపల చెరువుల గట్లే నీటికి అడ్డమని ఒకరు, ఎగువ నుంచి వచ్చిన పూడికే కారణమని ఒకరు, ఉప్పుటేరు మేట వేయడమేనని మరొకరు అంటారు. ఈ మూడూ ఒకేసారి నిజం కావచ్చు. కానీ ఏది ఎంత, ఎప్పటి నుంచి అన్నది తేలాలంటే పూడిక వేగం తెలియాలి. దశాబ్దానికి ఎన్ని సెంటీమీటర్ల మట్టి చేరిందో లెక్క కావాలి.

ఆ లెక్క కట్టే గడియారం ప్రకృతిలోనే ఉంది. నేలలోంచి వెలువడే రేడాన్ వాయువు గాలిలో విచ్ఛిన్నమై చివరికి లెడ్-210 అనే రేడియోధార్మిక సీసంగా మారి, వానతో, ధూళితో కిందికి దిగుతుంది. ప్రతి 22 ఏళ్లకూ అందులో సగం తరిగిపోతుంది. పై పొరలో ఎంత ఉంది, కింది పొరలో ఎంత మిగిలింది అని కొలిస్తే, సుమారు 100 నుంచి 150 ఏళ్ల వెనక వరకు పొరల వయసు కట్టవచ్చు. చేపల చెరువుల కాలమంతా ఈ కొలతలో ఇమిడిపోతుంది. దానికి తోడుగా అణుపరీక్షల ధూళి నుంచి వచ్చిన సీసియం-137 ఉంది. దాని శిఖరం 1963 ప్రాంతంలో పడుతుంది. అయితే ఆ ధూళి ఉత్తరాదిలో పడినంతగా మన అక్షాంశాల్లో పడలేదు. కాబట్టి అక్కడ తేలిగ్గా దొరికే గుర్తును ఇక్కడ శ్రద్ధగా వెతకాలి.

మట్టి ఎక్కడిదో కూడా తెలుసుకోవచ్చు. ఎర్రనేలల బంకమట్టిలో కయొలినైట్ అనే ఖనిజం ఎక్కువ. కృష్ణా, గోదావరి తెచ్చే నల్లమట్టిలో స్మెక్టైట్ ఎక్కువ. ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బే గుణం నల్లరేగడికి దాని వల్లనే వచ్చింది. ఒక పొరలో ఈ రెండింటి పాళ్లు కొలిస్తే మెట్ట నుంచి వచ్చిందెంత, డెల్టా కాలువలు తెచ్చిందెంత అని విడదీయవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి కాలువలు పారాక ఈ పాళ్లు మారి ఉండాలి. మామిడి తోటల కింద దుక్కి పెరిగిన కాలం, ఈ మధ్య మామిడి కొట్టేసి ఆయిల్‌పామ్, మొక్కజొన్న వేసిన కాలం కూడా అలాగే గుర్తు వదలాలి.

పుప్పొడితో మాత్రం మామిడి విషయంలో జాగ్రత్త అవసరం. మామిడి పూత మీద ఈగలు, ఇతర పురుగులు వాలి పుప్పొడిని మోస్తాయి. అది జిగటగా ఉంటుంది, గాలిలో దూరం పోదు. వేల ఎకరాల తోటలున్నా సరస్సు మట్టిలో మామిడి రేణువులు కొద్దిగానే కనిపిస్తాయి. సరుగుడు అందుకు వ్యతిరేకం. గాలికి పుప్పొడి వదిలే చెట్టు కాబట్టి కొన్ని తోపులే ఉన్నా విరివిగా దొరుకుతుంది. పైగా అది 19వ శతాబ్దంలో బయటి నుంచి మన తీరానికి తెచ్చి నాటిన చెట్టు. దాని రేణువు మొదట కనిపించే పొర కాలానికి ఒక ఆనవాలవుతుంది. రేణువుల సంఖ్యను చెట్ల సంఖ్యగా చదివితే నూజివీడు చరిత్రలో నుంచి మామిడినే తీసేసినట్టవుతుంది.

ఇంకా లోతుకు వెళితే కొల్లేరు సరస్సుగా కాక సముద్రపు కయ్యగా ఉన్న కాలం వస్తుంది. సుమారు 6,000 ఏళ్ల కిందట తీరం ఇప్పటి కంటే చాలా లోపల, కొల్లేటికి దగ్గరలో ఉండేది. రెండు నదులూ మేట వేసుకుంటూ డెల్టాలను ముందుకు జరిపాక ఈ పల్లం వెనక చిక్కుకుపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, సహచరులతో కలిసి ఈ రెండు డెల్టాల చరిత్రను బోరు మట్టి నమూనాల నుంచి, రేడియోకార్బన్ వయసుల నుంచి పునర్నిర్మించడానికి ఏళ్ల తరబడి కృషి చేశారు.

గోదావరి పరీవాహకం చరిత్ర కూడా మట్టిలోంచే తెలిసింది. 2006లో జాయిడిస్ రెజల్యూషన్ అనే తవ్వకపు నౌక గోదావరి ముఖద్వారం ఎదుట బంగాళాఖాతం అడుగున మట్టి తీసింది. అందులో మిగిలిన ఆకుల మైనాన్ని కమీలో పాంటన్, లివియు జోసన్ బృందం పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి, ఆపై 1,700 ఏళ్ల కిందట మరింతగా, పరీవాహకంలో కరవును తట్టుకునే మొక్కలు పెరిగాయని తేలింది. కానీ అది మూడు లక్షల చదరపు కిలోమీటర్ల సగటు. నూజివీడు మెట్టకు ఏం జరిగిందో చెప్పగల దగ్గరి సాక్షి కొల్లేరే.

ఆ సాక్ష్యమే ఇప్పుడు ప్రమాదంలో ఉంది. చేపల చెరువు కట్టడమంటే సరస్సు అడుగు తవ్వి, ఆ మట్టినే గట్టుగా పోయడం. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లను తెంచారు. నీటికి దారి ఇవ్వడానికి అది అవసరమే. కానీ తెంచిన గట్టు మట్టి తిరిగి ఆ గుంటల్లోనే పడింది. తర్వాత చాలాచోట్ల మళ్లీ తవ్వారు. అడుగు నుంచి కలియబెట్టిన ఊరగాయ జాడీలో ఏ ముక్క ముందు పడిందో చెప్పలేనట్టే, ఇలాంటి చోట తీసిన నమూనాలో పొరల క్రమం దొరకదు. ఎండాకాలంలో నీరు తగ్గి అడుగు నెర్రెలివ్వడం కూడా పొరలను కొంత కలుపుతుంది. అది సహజంగా జరిగేది, లెక్కలోకి తీసుకోదగ్గది. యంత్రం తవ్వినదాన్ని ఏ లెక్కతోనూ సరిచేయలేం.

కాబట్టి ముందు తవ్వని చోట్లు గుర్తించాలి. పాత ఉపగ్రహ చిత్రాలు దశాబ్దాల వెనక్కి ఉన్నాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పరిస్తే ఎప్పుడూ గట్టు పడని తావులు కనబడతాయి. అటవీ శాఖ అనుమతితో అక్కడ గొట్టాలు దించడానికి పెద్ద నౌకలు, పెద్ద ఖర్చు అక్కరలేదు. నీరు లోతు లేని సరస్సులో పడవ, చేతితో దించే గొట్టం, నలుగురు మనుషులు చాలు.

నూజివీడు చుట్టుపక్కల ఊరి చెరువులదీ ఇదే సంగతి. వేసవిలో పూడిక తీసి ఆ ఒండ్రును తోటలకు తోలుకోవడం మంచి అలవాటు. చెట్టుకు అంతకన్నా మంచి ఎరువు తక్కువ. పొక్లెయిన్ దిగే ముందు రోజు చెరువు నడిమధ్య మీటరు పొడవు ప్లాస్టిక్ పైపును నిలువుగా దిగ్గొట్టి, రెండు కొసలూ మూసి పైకి తీస్తే ఆ చెరువు గతం కొంతైనా మిగులుతుంది. పై కొస ఏదో పైపు మీదే రాయాలి. చోటు, తేదీ రాయాలి. పడుకోబెట్టకుండా నిలువుగానే మోసుకెళ్లి, నీడలో చల్లగా దాచాలి. ఇది ఏ కళాశాల భూగోళ శాఖ విద్యార్థులైనా ఒక పూటలో చేయగల పని. లెడ్-210 గడియారానికి పై పొరే మొదటి గుర్తు గనుక, బకెట్ మొదటి పోటు పడకముందే పైపు దిగాలి.