బండి కింద మరక ఏం చెప్తది?



జగిత్యాల దిక్కు మామిడికాయ. నిర్మల్ దిక్కు పసుపు. ఆదిలాబాద్‌లో పత్తి. పంట ఏదైనా మార్కెట్‌కు చేరాలంటే బండి కావాలె. కిరాయి కట్టలేక కొందరు పాత ట్రాలీ కొంటారు. ఇంటికొకటి కొనలేనప్పుడు సంఘంల అందరు కలిసి కొంటారు. చిన్న ట్రాలీలల్ల టాటా ఏస్ అందరికీ తెలుసు. అది 2005లో వచ్చింది. జనం దాన్ని 'ఛోటా హాథీ' అని పిలుస్తారు. ఇంకొంచెం పెద్దది బొలేరో పికప్.

పాత బండి కొన్న కొద్ది రోజులకు ఒక పొద్దు దాని కింద మరక కనపడుతుంది. డ్రైవర్ను అడిగితే, "పాత బండి గదా, కారుతనే ఉంటది. ఇంత ఆయిల్ పోస్తె అయిపాయె" అంటాడు. ఇంకొకరిని అడిగితే, "ఇంజన్ మొత్తం విప్పాలె, మస్తు ఖర్చయితది" అంటారు. ఎవరి మాట నమ్మాలి?

ముందు మరకను నమ్మాలి. అక్షరాలు చదివినట్టే మరకను కూడా చదవొచ్చు. ఏది కారుతున్నదో తెలిస్తే ఖర్చు ఎంతో, భయం ఎంతో తెలుస్తుంది.

బండిలో ఏమేం ఉంటాయి?

మన ఒంట్లో నెత్తురు ఉన్నట్టు బండిలో కూడా రకరకాల ద్రవాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని.

ఇంజన్ ఆయిల్ లోపలి ఇనుప భాగాలు రాసుకొని అరిగిపోకుండా కాపాడుతుంది. కూలెంట్ అంటే మందు కలిపిన నీళ్లు. అది రేడియేటర్‌లో తిరుగుతూ ఇంజన్ వేడిని తీసుకపోతుంది. గేర్ ఆయిల్ గేర్ల పండ్లను కాపాడుతుంది. డీజిల్ బండిని నడిపిస్తుంది. బ్రేకు ఆయిల్ బండిని ఆపుతుంది.

ఈ అయిదింట్లో ఏది కారినా నష్టమే. కానీ అన్నీ ఒక్క తీరు నష్టం కాదు.

రాత్రి అట్ట పరచాలె

మరకను చదవాలంటే ముందు దాన్ని సరిగ్గా పట్టాలి. మట్టి నేల మీద రంగు తెలియదు. బండిని చదునైన చోట నిలపండి. హ్యాండ్ బ్రేకు వేయండి. చక్రాలకు ముందొక రాయి, వెనకొక రాయి పెట్టండి. ఇంజన్ చల్లారినాక, బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరచండి. అట్ట మీద ముందు ఎటు, వెనక ఎటు, ఎడమ ఏది, కుడి ఏది అని రాయండి. ఇప్పుడు మీకు రాయవచ్చు గదా!

పొద్దుగాల అట్టను బయటికి గుంజి చూడండి. నాలుగు సంగతులు చూడాలి: రంగు, వాసన, జిగురు, చోటు. వేలితో ముట్టి చూస్తే చెయ్యి సబ్బుతో కడుక్కోండి. నాలుక మీద మాత్రం పెట్టకండి. బ్యాటరీ కింద మరక ఉంటే ముట్టనే వద్దు. అది యాసిడ్, చేతులు కాలుతయి.

మరకను ఎట్ల చదవాలి?

నల్లగా లేదా గోధుమ రంగుల ఉండి, వేళ్ల మధ్య జారితే అది ఇంజన్ ఆయిల్. మరక ఇంజన్ కిందనే ఉంటుంది. టాటా ఏస్‌లో ఇంజన్ సీటు కింద ఉంటుంది. బొలేరో పికప్‌లో ముందు బానెట్ కింద ఉంటుంది.

ఆకుపచ్చగానో, ఎర్రగానో, నారింజ రంగులనో ఉండి, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. రేడియేటర్ కింద, దాని పైపుల కింద పడుతుంది. ఇది విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, చిన్న పిల్లలు వేలు పెట్టి చీకుతారు. మరక కనపడంగనే కడిగేయండి. కూలెంట్ డబ్బా పిల్లలకు అందకుండా పెట్టండి.

చిక్కగా ఉండి, గంధకం లాంటి చెడ్డ వాసన వస్తే అది గేర్ ఆయిల్. బండి నడుమ గేర్ బాక్స్ కింద గానీ, వెనక చక్రాల నడుమ ఉండే గుండ్రటి డబ్బా కింద గానీ పడుతుంది.

పల్చగా ఉండి డీజిల్ వాసన వస్తే చెప్పనక్కర లేదు. ట్యాంకు, ఫిల్టర్, పైపులు చూడాలి. బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరికి తేవద్దు. చీకట్ల చూడాలంటే బ్యాటరీ లైటు వాడండి.

పల్చగా, నీళ్లలాగా లేదా లేత పసుపు రంగుల ఉండి, చక్రం లోపలి దిక్కు కనపడితే అది బ్రేకు ఆయిల్ కావచ్చు. ఇక్కడ ఆగండి. ఈ సంగతి వేరేగా చెప్పుకోవాలి.

బ్రేకు ఆయిల్ కారితే బండి కదలొద్దు

డ్రైవర్ కాలితో బ్రేకు తొక్కుతాడు. ఆ బలం చక్రాల దాకా ఎట్ల పోతుంది? సన్నటి పైపులల్ల బ్రేకు ఆయిల్ నిండి ఉంటుంది. సూది మందు గొట్టాన్ని వెనక నుంచి నొక్కితే ముందు నుంచి మందు వస్తుంది గదా, అట్లనే. ద్రవాన్ని నొక్కితే అది కుంచించుకపోదు. బలాన్ని ముందుకు నెడుతుంది.

ఆయిల్ కారిపోతే పైపులల్ల గాలి చేరుతుంది. గాలి నొక్కితే కుంచించుకపోతుంది. అప్పుడు పెడల్ దూదిలాగ మెత్తగా లోపలికి పోతుంది. చక్రం మాత్రం ఆగదు.

నిర్మల్ నుంచి నేరడిగొండ వైపు పాత రోడ్డుల మహబూబ్ ఘాట్ ఉంది. అన్నీ మలుపులే. నిండా బరువుతో దిగే బండికి అసొంటి చోట బ్రేకు పోతే ఏమైతదో చెప్పనక్కర లేదు. తొట్టిలో మన పంట ఉంటుంది. ఒక్కొక్కసారి మన మనుషులే ఉంటారు.

అందుకే బ్రేకు ఆయిల్ అని అనుమానం వస్తే బండిని మెల్లగ కూడా తీసుకపోవద్దు. మెకానిక్‌ను ఇంటికే పిలిపించాలి. "ఇంత ఇంజన్ ఆయిల్ పోస్తె సరిపోతది" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఇంజన్ ఆయిల్ తగిలితే బ్రేకులోని రబ్బరు ఉబ్బి పాడవుతుంది. డబ్బా మీద బ్రేకు ఫ్లూయిడ్ అని రాసి ఉన్నదే పోయాలి. చదివి చూసుకోండి.

ఎక్కడి నుంచి కారుతుంది?

మరక పడ్డ చోటే బొక్క ఉండాలని లేదు. ఆయిల్ పైన కారి, ఇనుము వెంబడి జారి, గాలికి వెనకకు పోయి, ఎక్కడనో చుక్కగా పడుతుంది. ఇంటి కప్పు ఒకచోట కురిస్తే, దూలం వెంబడి జారి ఇంకొకచోట పడ్డట్టు.

మంచిర్యాల, రామగుండం దిక్కు తిరిగే బండ్ల కింద బొగ్గు దుమ్ము, ఆయిల్ కలిసి మందంగా అంటుకుంటాయి. అట్ల ఉంటే ఏమీ తెలియదు. ముందు తుడిచి శుభ్రం చేయించాలి. తర్వాత బండిని కొద్దిసేపు నడిపి ఆపి, లైటు పట్టి చూడాలి. తడి ఉన్న జాగలన్నిట్లో అన్నిటికంటే పైన ఉన్న జాగనే కారే జాగ.

ఏం చేయాలి?

కొన్ని పనులు చిన్నవి. రేడియేటర్ పైపు కొసన క్లిప్పు వదులైతే స్క్రూ డ్రైవర్‌తో బిగించొచ్చు. పైపే పగిలితే కొత్తది వేయాలి. ఇంజన్ ఆయిల్ కిందికి విడిచే నట్టు దగ్గర కారితే చాలాసార్లు దాని వాషర్ మారిస్తే ఆగుతుంది. వాషర్ చిన్నది, ఖర్చు తక్కువ. అయితే నట్టును బలంగా బిగిస్తే మరలు పోతాయి.

రేడియేటర్ కారితే కొందరు డ్రైవర్లు లోపల పసుపు పోస్తారు. చిన్న బొక్క కొద్దిసేపు మూసుకపోవచ్చు. కానీ ఆ పసుపే లోపలి సన్నటి దారులను కూడా మూస్తుంది. ఇల్లు చేరేదాకా అవసరం పడితే పడొచ్చు, అది రిపేరు మాత్రం కాదు. ఇంకొక మాట: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. ఆవిరి ఎగిసి ముఖం కాలుతుంది.

ప్యాకింగ్, ఆయిల్ సీల్, బ్రేకు పనులు మెకానిక్‌వి. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి ఎవరినీ దూరనియ్యొద్దు. జాకీ జారితే బండి మీద పడుతుంది. కింద గట్టి దిమ్మెలు పెట్టాలి.

చుక్కల లెక్క

"చుక్కనే గదా" అంటారు. లెక్క వేద్దాం. పది సెకండ్లకు ఒక చుక్క కారుతుందనుకుందాం. నిమిషానికి 6 చుక్కలు. గంటకు 360. రోజుకు 8 గంటలు బండి నడిస్తే 2,880 చుక్కలు. సుమారు 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీ లీటరు. అంటే రోజుకు 144 మిల్లీ లీటర్లు. పది రోజులకు 1,440. దగ్గర దగ్గర లీటరున్నర ఆయిల్ నేల పాలు! ఆయిల్ తక్కువై ఇంజన్ పట్టేస్తే అప్పుడు వచ్చే ఖర్చు ఇంకా పెద్దది.

అందుకే బండికి ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, మీటరులో కిలోమీటర్లు, ఏ ఆయిల్ ఎంత పోసినం, ఎంత ఖర్చయింది, అన్నీ రాయండి. పోసుడు ఎక్కువైతే కారుడు ఎక్కువైందని అర్థం. మెకానిక్ ముందర ఆ బుక్కు, అట్ట రెండూ పెట్టండి. "మరక ఇక్కడ పడ్డది, ఈ రంగుల ఉన్నది, నెలల ఇంత పోసినం" అని చెప్పండి. మార్చిన పాత సామాను చూపించమని అడగండి. లెక్క తెలిసిన మనిషిని మోసం చేయడం కష్టం.

కొనే ముందు కూడా ఇదే చదువు పనికొస్తుంది. అమ్మే మనిషి ఇంజన్‌ను తళతళ కడిగి పెడితే సంతోషపడొద్దు. మరకలు పోయేటట్టు కడిగినాడేమో! బండిని అర గంట నడిపించి, ఆపి, కింద అట్ట పెట్టి చూసినాకనే బయానా ఇవ్వండి.

మీరే చెప్పండి, రాయండి

1. అట్ట మీద ఆకుపచ్చ మరక, తియ్యటి వాసన. ఏది కారుతుంది? ఇంట్లో చిన్న పిల్లలుంటే ఏం చేయాలి?

2. చక్రం లోపలి దిక్కు తడి కనపడింది. డ్రైవర్ "మెల్లగ పోదాం" అంటున్నాడు. మీరు ఏం జవాబు చెప్తారు?

3. నిమిషానికి 3 చుక్కలు కారితే పది రోజులకు ఎంత ఆయిల్ పోతుంది? లెక్క వేసి నోటుబుక్కుల రాయండి.