పత్తిలో అలసంద వేస్తే గునుగు ఎందుకు తిరిగొచ్చింది?

పాల్మాకులలో మా చేనంతా ఒక్క పత్తే వేసినన్నాళ్లు గడ్డిమందు కొట్టినం. గట్టు మీద గునుగు సైతం మాడిపోయి, బతుకమ్మకు పువ్వు కొనాల్సి వచ్చింది.

ఇప్పుడు పత్తి నడుమ కంది, అలసంద, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేస్తున్నా. అలసందకు పేనుబంక పడితే దాన్ని తినే అక్షింతల పురుగులు చేరతాయి. అవే పత్తినీ కాస్తాయి. జొన్నకొచ్చిన పిట్టలు కొన్ని గింజలు తింటాయి, పచ్చపురుగులనూ ఏరుకుంటాయి.

ఇన్ని పంటలున్న చోట గడ్డిమందు కొడితే ఏదో ఒక పంట పోతది. అందుకే గుంటుక తోలుతున్నాం. గట్టున గునుగు మళ్లీ పూసింది.

జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఇలాంటి కలిపి పంటల చేలల్లో తమంతట మొలిచే ఆకుకూరలనూ వండుకుంటారు. ఈ వానాకాలం ఒక ఎకరంలోనైనా వేసి చూడండి.